చదవడానికీ చూడడానికీ తగిన తెలుగు నాటకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాటకం అంటే చూసేది కదా, పుస్తకం ఎందుకు చదవాలి?

మీరు చూసిన నాటకం, అచ్చయిన నాటకం చాలాసార్లు ఒకటి కావు కాబట్టి. కన్యాశుల్కం పూర్తిగా ఆడితే ఏడెనిమిది గంటలు పడుతుంది. వేదిక మీదికి వచ్చేది మూడు గంటల కుదింపు. పద్యనాటకాల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ పుస్తకంలో లేని పద్యాలు, సంభాషణలు వచ్చి చేరతాయి. చింతామణి చూసినవాళ్లు చెప్పుకునే హాస్యంలో చాలా భాగం కాళ్లకూరి నారాయణరావు రాసింది కాదు. ఏది రచయితది, ఏది నటుడిది, ఏది నలభై ఏళ్ల ఆనవాయితీది అన్నది తేలాలంటే పుస్తకం తెరవాల్సిందే.

అలాగని ప్రతి నాటకాన్నీ చదవమని చెప్పం. చదివితే తేలిపోయేవి కూడా కింద చెప్పాం.

ఇంతవరకు ఒక్క నాటకం కూడా చదవలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరూ కన్యాశుల్కం అంటారు. మా సలహా వరవిక్రయం. కాళ్లకూరి వారిదే. కట్నం మీద రాసిన నాటకం. పాత్రలు తక్కువ, కథ ఒకటే దారిలో నడుస్తుంది, ఎవరు ఎవరికి ఏమవుతారో మొదటి అంకంలోనే తెలిసిపోతుంది. పిసినారి సింగరాజు లింగరాజు మాట్లాడే తీరు కాగితం మీద కూడా నవ్విస్తుంది. పురుషోత్తమరావు, భ్రమరాంబ దంపతులకు ఇద్దరు కూతుళ్లు, కాళింది, కమల. కథ బరువంతా వాళ్లమీదే. 1939లో సినిమాగా వచ్చినప్పుడు కాళింది వేషంతోనే భానుమతి తెరకు పరిచయమయింది. సినిమా కథ తెలిసినా ఫరవాలేదు, చివరి ఘట్టంలో కమల వాదన మాటమాటగా చదవడం వేరు.

మధ్యలో పద్యాలు వస్తాయి. మొదటిసారి వాటి దగ్గర ఆగకుండా తాత్పర్యం అందినంత మేరకు పట్టుకుని ముందుకు సాగండి. పద్యం దగ్గర నిఘంటువు తీసినవాళ్లు రెండో అంకం దాటరు.

కన్యాశుల్కం ఏ కూర్పు కొనాలి?

గురజాడ ఈ నాటకాన్ని రెండుసార్లు రాశారు. 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది మొదటిది. 1909లో వచ్చింది రెండోది. దీన్ని సవరణ అనడం కంటే కొత్త నాటకం అనడం న్యాయం. అయిదు అంకాలు ఏడయ్యాయి, వేశ్య మధురవాణి పాత్ర పెరిగి నాటకానికి ఇరుసయింది. ఇప్పుడు దుకాణంలో ‘కన్యాశుల్కం’ అని అడిగితే ఇచ్చేది ఈ రెండోదే. మొదటిదాన్ని పరిశోధకుడు బంగోరె ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అది రెండోది చదివాక, రచయిత ఏం మార్చాడో చూడాలనుకునేవాళ్లకు.

కొనేముందు రెండు సంగతులు చూడండి. వెనక పదకోశం ఉందా? గిరీశం ఇంగ్లీషుకు, సంస్కృత శ్లోకాలకు అడుగున అర్థాలిచ్చారా? ఈ రెండూ లేని చవక ప్రతులతో విజయనగరం వైపు పలుకుబడి తెలియని పాఠకులు పేజీకి మూడుచోట్ల ఆగిపోతారు. ‘సంక్షిప్త’ అని అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటే వదిలేయండి. చదవడానికి కొనేటప్పుడు కుదించింది దండగ.

మొదలుపెట్టాను, పేజీలు కదలడం లేదు. ఏం చేయాలి?

నవల చదివినట్టు చదువుతున్నారన్నమాట. నవలలో గది ఎలా ఉందో, ఎవరెక్కడ నిలబడ్డారో రచయిత చెబుతాడు. నాటకంలో అది మీరే పెట్టుకోవాలి.

కన్యాశుల్కం మొదటి అంకమే తీసుకోండి. తెర లేచేసరికి విజయనగరం బొంకులదిబ్బ. పూటకూళ్లమ్మకు సామాన్లు కొనిపెడతానని పుచ్చుకున్న ఇరవై రూపాయలు తగలేసిన సంగతి గిరీశం తనలో తాను చెప్పుకుంటాడు. ఆ మాట గుర్తుంచుకోండి. తర్వాత మధురవాణి ఇల్లు. రామప్పపంతులు అక్కడుండగా గిరీశం వస్తాడు, పంతులు మంచం కింద దూరతాడు. కాసేపటికి పూటకూళ్లమ్మ చీపురుతో వస్తుంది, ఈసారి గిరీశం వంతు. కాగితం మీద ఇవి వరసగా నాలుగు పేర్లు, వాటి పక్కన మాటలు, అంతే. ఒక చిత్తుకాగితం మీద మంచం, గుమ్మం గీసి, ఎవరు కింద ఉన్నారో ఎవరికి తెలుసో రాసుకోండి. మధురవాణికి అన్నీ తెలుసు, గిరీశానికి సగం తెలుసు, పూటకూళ్లమ్మకు ఏమీ తెలియదు. అప్పుడు మధురవాణి అనే ప్రతి మాటకూ రెండేసి అర్థాలు కనబడతాయి. హాస్యం మాటల్లో కంటే ఆ తెలియడం, తెలియకపోవడంలోనే ఉంది.

పాత్రల పట్టికను ఒక కాగితం మీద రాసుకుని పుస్తకంలో పెట్టుకోండి. వరసలు కూడా రాయాలి. బుచ్చమ్మ, సుబ్బి అగ్నిహోత్రావధాన్ల కూతుళ్లు, వెంకటేశం కొడుకు, వెంకమ్మ భార్య, కరటకశాస్త్రి వెంకమ్మ అన్నగారు. ఇంకోవైపు లుబ్ధావధాన్లు, ఆయన కూతురు మీనాక్షి. ఈ రెండిళ్లూ కలపబోయే సుబ్బి, లుబ్ధావధాన్ల పెళ్లి, దాన్ని చెడగొట్టడానికి కరటకశాస్త్రి వేసిన ఎత్తు, ఇదే కథాసూత్రం. మధురవాణి మెడలో నగ, ఆ కంటె, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోతోందో ఒక కన్నేసి ఉంచండి. చాలా గొడవ దాని వెనకే తిరుగుతుంది.

ఇంకా కదలకపోతే పైకి చదవండి. ఈ మాటలు చెవికోసం రాసినవి.

వేదిక మీద సాధారణంగా ఏం కోసేస్తారు?

కన్యాశుల్కంలో పేకాట, సారా దుకాణం ఘట్టాలకు మొదట కత్తెర పడుతుంది. కథ నడవడానికి అవి అక్కర్లేదు నిజమే. కానీ ఊరి పెద్దమనుషులు పేకముక్కలు వేస్తూ ఎవరి గుట్టు ఎలా విప్పుతారో, బైరాగి చుట్టూ చేరినవాళ్లు తాగి ఎంత వేదాంతం మాట్లాడతారో చదవకపోతే ఆ సమాజం సగమే కనబడుతుంది. నటుడు జె.వి. రమణమూర్తి కుదింపు ఎన్నో ఏళ్లు ఎన్నో ఊళ్లలో ఆడింది. చూసినవాళ్లు చాలామందికి కన్యాశుల్కమంటే అదే. అది చూసి ఉంటే పుస్తకంలో ఈ రెండు ఘట్టాల కోసం వెతికి చదవండి.

పద్యనాటకాన్ని రాగం లేకుండా చదివితే ఏం మిగులుతుంది?

అర్థం మిగులుతుంది. రాగంలో కొట్టుకుపోయేది అదే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు తీసుకోండి. జనం ‘కురుక్షేత్రం’ అని పిలిచేది దీన్నే. రాయబారం సీనులో కృష్ణుడి పద్యం:

జెండాపై కపిరాజు, ముందు సితవాజిశ్రేణియుం గూర్చి నే
దండంబుం గొని తోలు స్యందనము మీదన్ నారి సారించుచున్
గాండీవమ్ము ధరించి ఫల్గుణుడు మూకం జెండుచున్నప్పు డొ
క్కండున్ నీ మొర నాలకింపడు కురుక్ష్మానాథ సంధింపగన్

నాలుగు పాదాలూ కలిపి ఒకే వాక్యం. జెండా మీద హనుమంతుడు, ముందు తెల్ల గుర్రాలు, తోలేది నేను, ఆ రథం మీద గాండీవం పట్టిన అర్జునుడు. వాడు సైన్యాన్ని చెండాడుతున్నప్పుడు, రాజా, సంధి చేయమని నువ్వెంత మొరపెట్టుకున్నా ఒక్కడూ వినడు. బెదిరింపు అంతా నాలుగో పాదంలో ‘ఆలకింపడు’ దగ్గర పడుతుంది. వేదిక మీద పాదానికొక ఆలాపన, ‘ఒన్స్ మోర్’ పడితే మళ్లీ మొదటినుంచి. చివరి పాదానికి వచ్చేసరికి మొదటి పాదం ఎవరికి గుర్తుంటుంది? కాగితం మీద ఇరవై సెకన్లలో మొత్తం పట్టుబడుతుంది.

చదివే పద్ధతి ఇది. మొదట క్రియ ఎక్కడుందో వెతకండి, సాధారణంగా చివరి పాదంలో ఉంటుంది. తర్వాత కర్త. అప్పుడు మధ్యలో ఉన్న విశేషణాలు విప్పండి. పాదం చివర మాట విరిగితే (పైన ‘ఒక్కండున్’ విరిగినట్టు) తర్వాతి పాదంతో కలిపి చదవాలి. అది అచ్చుతప్పు కాదు, గణాల కోసం జరిగిన విరుపు. అర్థం తెలిశాక రికార్డు వినండి. అప్పుడు నటుడు ఏ మాట మీద నిలబడ్డాడో, ఎందుకు నిలబడ్డాడో తెలుస్తుంది. అర్థంతో పని లేకుండా గొంతు చూపించుకునేవాళ్లెవరో కూడా తెలుస్తుంది.

‘బావా ఎప్పుడు వచ్చితీవు’, ‘చెల్లియో చెల్లకో’, ‘అలుగుటయే యెరుంగని’ అన్నీ ఇందులోవే. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు ఆ వేషం కట్టే ప్రదర్శనల్లో పాత్ర ఎదుగుదల పట్టుకోవడం కష్టం. పుస్తకంలో కృష్ణుడు ఒక్కడే.

హరిశ్చంద్ర పుస్తకం కొన్నాను. కాటి సీనులో ‘ఇచ్చోటనే’ పద్యం లేదు. పేజీలు పోయాయా?

పోలేదు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంది, ఆ పద్యం గుర్రం జాషువాది. జాషువా ‘శ్మశానవాటి’ ఖండికలోని పద్యాలను నటులు కాటి సీనులో చేర్చుకున్నారు. అవి ఎంతగా అతుక్కుపోయాయంటే లేకపోతే ప్రేక్షకులు ఊరుకోరు. జాషువా ఖండకావ్యం విడిగా తెచ్చుకుని రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. బలిజేపల్లి హరిశ్చంద్రుడు తన కష్టం గురించి మాట్లాడతాడు. జాషువా పద్యం కవినీ, రాజునీ, ఇల్లాలినీ ఒకే మట్టిలో చూస్తుంది. నాటకం కాసేపు తన కథను వదిలి వేరే ఎత్తుకు పోతుంది. అతుకు తెలుస్తుంది, అయినా బాగుంటుంది.

చింతామణి నిషేధించారు కదా, చదవచ్చా?

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది ప్రదర్శనను. సుబ్బిశెట్టి పాత్రను చూపిస్తున్న తీరు తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు ఎంతోకాలంగా చెబుతూ వచ్చారు. పుస్తకం చదివితే కాళ్లకూరి రాసినదానికీ వేదికల మీద పెరిగినదానికీ మధ్య దూరం కనబడుతుంది. వేశ్యా వ్యసనం ఇళ్లను ఎలా ముంచుతుందో చెప్పడానికి రాసిన నాటకం ఇది. బిల్వమంగళుడు, భవానీశంకరం, సుబ్బిశెట్టి ముగ్గురూ మూడు రకాలుగా మునుగుతారు. కాంట్రాక్టు ప్రదర్శనల్లో సుబ్బిశెట్టి, చింతామణి తల్లి శ్రీహరి సంభాషణ సాగి సాగి నాటకాన్నే మింగేసింది. మూలంలో కూడా ఈనాటి పాఠకుడికి ఇబ్బంది కలిగించే మాటలు లేకపోలేదు. అవి తెలిసే చదవాలి.

పాత నాటకాల్లో కుండలీకరణాల్లో వచ్చే మాటలకు అర్థం ఏమిటి?

‘స్వగతం’, ‘ఆత్మగతం’ అంటే తనలో తాను అనుకోవడం, వేదిక మీద ఇంకెవరికీ వినపడనట్టు లెక్క. ‘ప్రకాశం’ అంటే మళ్లీ పైకి మాట్లాడుతున్నాడని. ‘జనాంతికం’ అంటే పక్కనున్న మనిషితో మాత్రమే, మిగతావాళ్లకు వినపడకుండా. ‘అపవారితం’ మొహం తిప్పి చెప్పే రహస్యం. ‘నేపథ్యంలో’ అంటే తెర లోపలినుంచి. చదివేటప్పుడు జనం దాటేసేది ‘ప్రకాశం’. అది దాటేస్తే పాత్ర మనసులో అనుకున్న తిట్టు ఎదుటివాడి మొహం మీద అన్నట్టవుతుంది, సీను తల్లకిందులవుతుంది.

భాష కోసం చదవదగ్గ పాత నాటకం ఇంకేదైనా ఉందా?

వేదం వేంకటరాయశాస్త్రి ప్రతాపరుద్రీయం. 1897 నాటిది. ఎవరి భాష వాళ్లదే. రాజులు, మంత్రులు గ్రాంథికం, చాకలి పేరిగాడు తన మాట. యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ సుల్తానును పట్టుకుపోతానని అరుస్తూ తిరిగే ఘట్టం చూడడానికీ చదవడానికీ సమానంగా బాగుంటుంది. గ్రాంథికం మొదటి ముప్పై పేజీలు సతాయిస్తుంది, తర్వాత చెవి అలవాటు పడుతుంది.

పౌరాణికాలు, సంస్కరణ నాటకాలు సరే. ఆ తర్వాతివి?

ఇక్కడ సరుకు ఎక్కువ, పుస్తకాలు తక్కువ. దొరికినవాటిలో ముందు బోయి భీమన్న పాలేరు చదవండి. పాలేరుగా ఉన్న దళిత కుర్రవాడు చదువుకుని అధికారి అయ్యే కథ. 1940ల్లో ఇది పల్లెల్లో ఆడిందంటే దాని అర్థం ఏమిటో చదువుతుంటే తెలుస్తుంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన మాభూమి (1947) ప్రజానాట్యమండలి ఊరూరా ఆడిన నాటకం. తెలంగాణ రైతాంగ పోరాటం సాగుతుండగానే రాసింది, అందుకే వేడి తగ్గలేదు. 1979 నాటి మాభూమి సినిమాతో కలపకండి. అది కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసింది, ఈ నాటకం కాదు.

ఆత్రేయ ఎన్జీవో చిన్న గుమాస్తా ఇంటి కథ. జీతం చాలని ఇంట్లో మాటలు ఎలా పదునెక్కుతాయో ఆత్రేయకు తెలిసినంతగా అప్పట్లో ఇంకో నాటకకర్తకు తెలియదని మా అభిప్రాయం. గొల్లపూడి మారుతీరావు కళ్లు నాటిక గుడ్డి బిచ్చగాళ్ల గురించి. అందరూ కలిసి ఒకడికి చూపు తెప్పిస్తారు, తర్వాత ఏమయిందన్నదే నాటిక. ఒక్క పూటలో అయిపోతుంది. ఎన్.ఆర్. నంది మరో మొహెంజొదారో ప్రయోగ నాటకం. చదివితే కొంత తికమక పెడుతుంది, రంగసూచనలు జాగ్రత్తగా చూసుకుంటూ పోవాలి. పాటిబండ్ల ఆనందరావు పడమటిగాలి పెద్ద నాటకం. ప్రపంచీకరణ గాలికి పల్లె ఎలా కదిలిపోయిందో ఒంగోలు వైపు మాటలో చెబుతుంది. ఆ యాస చెవిలో పడ్డాక పుస్తకం వదలబుద్ధి కాదు.

పెద్దగా ఆడకపోయినా చదవాల్సినవి?

చలం పురూరవ. ఇది వేదిక మీద కంటే రేడియోలో బతికింది. ఊర్వశిగా శారదా శ్రీనివాసన్ గొంతు విన్నవాళ్లు ఇప్పటికీ ఆ మాటలు వల్లిస్తారు. చదివి వినండి, లేదా విని చదవండి, రెండూ నష్టం లేని బేరాలే. నార్ల వెంకటేశ్వరరావు సీత జోస్యం రెండోది. రాక్షసులను చంపుతానని రాముడు ఋషులకు మాటివ్వడాన్ని అడవిలో సీత ప్రశ్నిస్తుంది. పీఠిక బాగా పెద్దది. నాటకం ముందు చదివి పీఠిక తర్వాత చదవండి. ఈ వరస తారుమారు చేస్తే రచయిత వాదనే సీత నోట వినపడుతుంది తప్ప సీత వినపడదు.

చదవకుండా చూసేయాల్సినవి?

సురభి వారి మాయాబజార్, పాతాళభైరవి లాంటివి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఈ కుటుంబ సమాజాల గొప్పతనం క్షణాల్లో మారే తెరలు, గాల్లో ఎగిరే బాణాలు, తీగల మీద తేలివచ్చే పాత్రలు. అవేవీ కాగితం మీదికి రావు. వీలైతే ముందు వరసలో కాకుండా హాలు మధ్యలో కూర్చోండి. మరీ దగ్గరయితే తీగలు కనబడతాయి.

ముందు చదివి చూడాలా, చూసి చదవాలా?

పద్యనాటకమైతే ముందు చదవండి, కారణం పైన చెప్పాం. మలుపుల మీద నడిచే సాంఘిక నాటకం, నాటిక అయితే ముందు చూడండి. కన్యాశుల్కం ఎలాగైనా ఫరవాలేదు. చూసిన వారం లోపే చదివితే నటుల గొంతులు చెవిలో ఉంటాయి, చదువు సులువవుతుంది. మరీ వెంటనే చదివితే నటుడు చేసిన అర్థం ఒక్కటే మిగులుతుంది.

నలుగురం కూర్చుని చదువుకోవాలనుకుంటున్నాం. ఎలా నడపాలి?

ఎనిమిది మంది చాలు. ఎక్కువమంది ఉంటే వంతు రానివాళ్లు ఫోన్లు చూసుకుంటారు. ఒకరు రంగసూచనలు మాత్రమే చదవాలి, ఆ పని గొంతు స్పష్టంగా ఉన్నవాళ్లకివ్వండి. పైకి చదివితే మామూలు సైజు పేజీకి రెండు నిమిషాలు లెక్కేసుకోండి. గంటన్నరకు నలభై అయిదు పేజీలు, అంతకు మించి పెట్టుకోవద్దు. చిన్న పాత్రలు ఒక్కొక్కరికి రెండు మూడు ఇవ్వచ్చు, కానీ ఒకే సీనులో ఒకరితో ఒకరు మాట్లాడుకునే పాత్రలు ఒకరికే పడకుండా ముందే చూసుకోవాలి. ఇది మరిచిపోతే మధ్యలో ఆగి పంచుకోవాల్సి వస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు వీడియోకాల్‌లో చదివేటప్పుడు అందరి దగ్గరా ఒకే కూర్పు, ఒకే పేజీ అంకెలు ఉండాలి. పిల్లలు తెలుగు మెల్లగా చదువుతారనుకుంటే పద్యాలు లేని నాటికతో మొదలుపెట్టండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

కన్యాశుల్కం ఏ పెద్ద తెలుగు పుస్తకాల దుకాణంలోనైనా దొరుకుతుంది. రచయిత హక్కులు తీరిపోయిన పాతవాటికి తెలుగు వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కానులు ఉన్నాయి. స్కాను దింపుకోగానే చివరి పేజీ చూడండి, నాటకం ముగింపులో వచ్చే భరతవాక్యమో మంగళమో ఉందా, కథ మధ్యలో తెగిందా? మధ్యలో పేజీ అంకెలు వరసగా ఉన్నాయో కూడా చూడండి, రెండేసి పేజీలు ఎగిరిపోవడం మామూలే. ఆర్కైవ్‌లో తెలుగు లిపితో దొరకకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా రాసి వెతకండి, పేర్లు ఇష్టం వచ్చినట్టు ఎక్కించారు. పరిషత్తుల నాటక పోటీల్లో గెలిచిన కొత్త నాటికలు చాలావరకు అచ్చుకాలేదు. ప్రదర్శన అయ్యాక రచయితనే అడగండి, ఎక్కువమంది డీటీపీ ప్రతి ఇస్తారు.

చదివింది నచ్చి ఆడాలనుకుంటే అనుమతి కావాలా?

మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కు వారసులకు ఉంటుంది. గురజాడ 1915లో, కాళ్లకూరి 1927లో పోయారు. వాళ్ల నాటకాలకు అడగక్కర్లేదు. ఇద్దరు కలిసి రాస్తే చివర పోయినవారి నుంచి లెక్క. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు, ఆ గడువూ తీరింది. చలం (1979), ఆత్రేయ (1989) నాటకాలకు అనుమతి కావాలి. హరిశ్చంద్రలో ఒక మెలిక ఉంది. బలిజేపల్లి 1953లో పోయారు కనుక నాటకం స్వేచ్ఛ, జాషువా 1971లో పోయారు కనుక కాటి సీనులో ఆయన పద్యాలకు 2031 చివరిదాకా హక్కు ఉంది. పాత నాటకానికి ఎవరైనా ఈమధ్య చేసిన కుదింపు వాడుకుంటే, ఆ కుదింపు చేసినవారిని విడిగా అడగాలి.